చీమలు పట్టని కేకు

పోయినవారం మీరు నన్ను వదిలిపెట్టిన చోటే ఉన్నాను. సమోవా దీవుల్లో మా అపియా పట్నం, చర్చి పక్క హాలు, మా అక్క కూతురు పెనీనా పెళ్ళి విందు, నడుమ తొమ్మిది అంతస్తుల కేకు. గండం గడిచిందనుకుని ఒక మూల కుర్చీలో కూలబడి కోకో కప్పు నోటిదాకా తెచ్చుకున్నాను. అప్పుడే మా వైపు సభలో మాట పలికే పెద్దమనిషి సామువేలు, చేతికర్ర నేలకి తాటించి లేచాడు. "అన్నిటికన్నా పెద్ద కేకు, పెళ్ళికొడుకు తండ్రి, వాళ్ళ వంశానికి పెద్ద, మతాయి మనూయెలే గారికి" అని హాలు దద్దరిల్లేలా చెప్పాడు. ఆ కోకో నా నోటికి చేరలేదు, పెళ్ళికని కుట్టించుకున్న తెల్ల గౌను మీద పడింది.

ఎందుకంటే ఆ పెద్ద కేకు కేకు కాదు.

నా పేరు రూతా. అపియా బజారులో నాకొక కేకుల కొట్టు ఉంది. కొట్టు అద్దాల వెనక పెట్టేవి తినడానికి కాదు, చూడడానికి పెట్టే డమ్మీలు. థర్మోకోల్ గుండ్రంగా కోసి వాటిని చేస్తాను. కొన్ని దేశాల్లో దాని మీద కూడా అసలు ఐసింగే వేస్తారట. మా గాలికి అది చెల్లదు. వానలు మొదలైతే చక్కెరకి చెమటలు పడతాయి, పువ్వులు తలలు వేలాడేస్తాయి, మిగిలిన పని చీమలు చూసుకుంటాయి. అందుకని నేను గోడలకి పెట్టే లప్పం వాడతాను. పల్చగా కలిపి, కోన్‌లో నింపి, ఐసింగ్ తీసినట్టే చుట్టూ గవ్వల అంచు తీస్తాను. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి, పైన దేవగన్నేరు పువ్వులు అతికిస్తే చెయ్యి తిరిగినవాళ్ళు కూడా పోల్చుకోలేరు. గాలికి దొర్లిపోకుండా అడుగున గుంట తొలిచి ఒక సముద్రపు రాయి పెట్టి లప్పంతో మూసేస్తాను. అప్పుడప్పుడూ దుమ్ము తుడుచుకుంటే అవి ఏళ్ళ తరబడి ఉంటాయి.

ఇందులో దాపరికం ఏమీ లేదు. దాపరికం మా అక్క ఆలీటాసి తెచ్చిపెట్టింది. వాళ్ళ ఆడపడుచు కూతురి పెళ్ళిలో ఎనిమిది అంతస్తులు పెట్టారు కాబట్టి మనం తొమ్మిది పెట్టి తీరాలని పట్టుబట్టింది. మా పెళ్ళి కేకు ముక్కలు కోసి పంచేది కాదు. ఒక్కో అంతస్తు నిండుగా ఒక్కో పెద్దింటికి వెళ్తుంది, అదే వాళ్ళకి మేమిచ్చే మర్యాద. అంత పెద్ద ఫ్రూట్ కేకులు ఉన్న గడువులో ఆరుకి మించి నా ఓవెన్‌లో కావని చెప్పాను. "అయితే అడుగు మూడూ నీ కొట్టు అద్దాల్లోవి పెట్టు. విందు అయ్యాక మనింటికే తెచ్చుకుంటాం, ఎవడు చూడొచ్చాడు" అంది. నేను సరే అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తిట్టుకోవడం ఆ తర్వాత మొదలుపెట్టాను.

డమ్మీలని అడుగున పెట్టడం పనితనం. అసలు కేకు మెత్తన, మీద అన్ని అంతస్తులు పడితే కుంగిపోతుంది. లప్పం పట్టిన డమ్మీ అయితే ఎంత బరువైనా మోస్తుంది. నేను చూసుకున్నది అంతవరకే. అడుగున ఉండేది అన్నిటికన్నా పెద్దదని, పెద్దది పెద్దవాడికే పోతుందని సమోవాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆ పెళ్ళిళ్ళకే కేకులు చేస్తున్న నాకు తట్టలేదు. మిగతా రెండు డమ్మీలని సామువేలు కంటపడకుండా వంటింట్లోకి లాగేశాను. పెద్దదాన్ని మాత్రం పెళ్ళికొడుకు వైపు మగాళ్ళు పాటలు పాడుకుంటూ ట్రక్కు ఎక్కించేశారు. సోమవారం పడవలో అది పెనీనాతో పాటే సవాయీ దీవికి కాపురానికి వెళ్ళిపోయింది.

మంగళవారం పెనీనా ఫోన్ చేసింది. "అందరూ బాగున్నారు పిన్నీ. కేకు కూడా బాగుంది" అంది.

కేకు కూడా బాగుంది అన్న ఆ ఒక్క మాటతో దానికి అంతా తెలిసిపోయిందని అర్థమైంది. నా కొట్టులో పెరిగిన పిల్ల అది, లప్పం వాసన దానికి తెలుసు. ఆ రోజే ఓవెన్ వెలిగించాను. అదే కొలతకి అసలు కేకు చేసి, అదే గవ్వల అంచు తీసి, అవే పువ్వులు ఈసారి చక్కెరతో చేసి, గురువారం పొద్దున ఒక పెద్ద అట్టపెట్టెలో సర్దుకుని పడవ ఎక్కాను. అక్క కూడా వచ్చింది. రావద్దన్నాను. చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని మరీ వచ్చింది.

"ఇంత హడావిడి అవసరమా రూతా. కోస్తే కోస్తారు. కత్తి దిగకపోతే గట్టిపడిందనుకుంటారు" అంది, పడవ కదలగానే.

"లోపల రాయి బయటపడితే?"

అక్క టోపీ గాలికి ఎగరకుండా పట్టుకుంది. "అదృష్టం కోసం పెట్టామని చెప్పొచ్చు."

"ఎవరికి? మనూయెలే గారికా? పట్నం పిల్ల, కొట్టు పిల్ల, మాకొద్దన్న మనిషికా? పాస్టరు గారు ఎన్నిసార్లు కూర్చోబెట్టి చెప్తే ఒప్పుకున్నాడో మర్చిపోయావా? ఊరందరి ముందూ కేకులోంచి రాయి ఊడిపడితే నీ కూతురు మర్నాడు పడవలో మనింటికి వస్తుంది. ఇంక ఏ పడవా దాన్ని వెనక్కి తీసుకెళ్ళదు."

"అంత గట్టిగా ఎందుకు చేశావు మరి? కొంచెం మెత్తగా చెయ్యాల్సింది."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డి కోసం అన్న రకం మనిషి మా అక్క. రేవులో దిగాక ఎక్కిన బస్సు కిటకిటలాడుతోంది. చోటు లేకపోతే ఒకరి ఒడిలో ఒకరు కూర్చోవడం మాకు అలవాటే. అక్క ఒడిలో నేను, నా ఒడిలో కేకు, వాళ్ళ ఊరు వచ్చేదాకా అలాగే వెళ్ళాం. దారి పొడుగునా అక్క నా బరువు గురించే మాట్లాడింది.

మనూయెలే గారిది పాతకాలపు ఇల్లు. చుట్టూ స్తంభాలు, పైన కప్పు, గోడలు లేవు. వాన వస్తే దించుకోవడానికి కొబ్బరాకు తడికలు స్తంభాలకి చుట్టి ఉన్నాయి. దొంగపని చెయ్యడానికి లోకంలో ఇంతకంటే పనికిరాని ఇల్లు ఉండదు. ఇంటి మధ్యలో అద్దాల బీరువా, దాని నెత్తి మీద చనిపోయిన పెద్దల ఫొటోల పక్కన, లేసు గుడ్డ కప్పుకుని, నా డమ్మీ దర్జాగా కూర్చుని ఉంది. దాని ఎదురుగా చాప మీద ఊరి ఆడవాళ్ళు ఇద్దరు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పెళ్ళికొడుకు తల్లి ఫియాసిలి ఎదురొచ్చి మా ఇద్దరి బుగ్గలకీ బుగ్గ ఆనించి పలకరించింది. ఆమె వెనకే పెనీనా. నన్ను చూసి దాని మొహం వెలగాల్సింది. తెల్లబోయింది.

"సరైన వేళకి వచ్చారు వదినా. మీ కేకుని చూడ్డానికే వస్తున్నారు వీళ్ళంతా" అంది ఫియాసిలి.

"చీమ పట్టలేదమ్మా, ఒక్క చీమ" అంది ఆ ఇద్దరిలో పెద్దావిడ. "కింద అరలో చక్కెర డబ్బా చూడు."

చూశాను. బీరువా కాలు మీదుగా చీమల బారు ఎక్కుతోంది. కింద అరలోని చక్కెర డబ్బా దాకా వెళ్ళి, పని ముగించుకుని, వచ్చిన దారినే దిగిపోతోంది. బీరువా నెత్తి మీదకి ఒక్కటీ పోవడం లేదు. లప్పం కోసం మెట్లెక్కే చీమ ఎక్కడుంటుంది.

"దేవుడి చెయ్యి పడింది దాని మీద" అంది రెండో ఆవిడ.

నాకు కంగారు పుట్టింది. ఇలా అందరూ వచ్చి చూడడం మొదలుపెడితే ఎవరో ఒకరు తట్టి చూడకపోరు. పువ్వులు సర్దే వంకతో తడిక చాటుకి తీసుకెళ్ళి మార్చెయ్యాలని వచ్చేటప్పుడు అనుకున్న ఉపాయం గాలికి పోయింది. ఎలాగైనా ఈ ప్రదర్శన ఆపాలని నోరు తెరిచాను.

"చీమల సంగతి కాదు వదినా. నా కేకులు ఇన్ని రోజులు ఉంచకూడదు, రుచి పోతుంది. ఇవాళే కోసుకోమని చెప్పడానికే వచ్చాం. ఇదుగో, ఇంకోటి కూడా కానుకగా తెచ్చాం."

పెనీనా కళ్ళు మూసుకుంది.

"అలాగా" అంది ఫియాసిలి నెమ్మదిగా. "మీ పిన్ని కేకు ముగ్గాలని కదమ్మాయీ చెప్పావు? అమావాస్య దాటేదాకా కత్తి పెడితే అపశకునం అన్నావు."

పెనీనా చెవులు మందార పువ్వులయ్యాయి. చిన్నప్పటి నుంచీ అంతే, అబద్ధం ఆడితే ముందు దాని చెవులే చెప్పేస్తాయి. అది కట్టిన గోడ ఏదో నేను వస్తూనే తన్ని పడేశానని అర్థమైంది. అక్క కల్పించుకుని, "కొన్ని ముగ్గాలి, కొన్ని ముగ్గక్కర్లేదు" అంది. టోపీ సర్దుకుంది.

ఫియాసిలి ఒక్క క్షణం మా ముగ్గురినీ చూసింది. "అమ్మాయీ, మీ అమ్మని వంటపాకలోకి తీసుకెళ్ళు. చేమదుంపలు చెక్కు తియ్యాలి. మీరూ వెళ్ళండమ్మా, వాన వచ్చేట్టుంది" అంది ఊరి ఆడవాళ్ళతో. ఆకాశంలో చిన్న మబ్బు కూడా లేదు. వాళ్ళు వెళ్ళాక రోడ్డు వైపు తడికలు ఒక్కొక్కటే దించింది. తర్వాత వచ్చి నా ఎదురుగా కాళ్ళు మడిచి కూర్చుని, నడుముకి చుట్టుకున్న లావాలావా గుడ్డని మోకాళ్ళ మీద సర్దుకుంది.

"సీమపనస కోతకొచ్చిందో లేదో చెట్టు కింద నిలబడి చెప్తాను. కొబ్బరికాయలో నీళ్ళెన్నో తట్టి చెప్తాను" అంది. లేచి, లేసు గుడ్డ తీసి, ఉంగరం ఉన్న వేలితో డమ్మీని తట్టింది. అది తలుపు తట్టినట్టు పలికింది. "ఇది కేకంటే నేను నమ్మాలా వదినా?"

నేను అట్టపెట్టె మూత సర్దాను.

"ట్రక్కులోంచి దించేటప్పుడు లోపల ఏదో దొర్లింది. మా వాళ్ళు పాటల్లో ఉన్నారు, వినలేదు. నేను విన్నాను. మీ కేకు కడుపుతో ఉందా ఏంటి?"

"రాయి" అన్నాను.

"ఏమిటీ?"

"సముద్రపు రాయి వదినా. గాలికి పడిపోకుండా పెడతాను. దార్లో కుదుపులకి లప్పం ఊడినట్టుంది."

"అయితే మా పెద్దాయనకి రాయి పంపించారు."

"పంపలేదు. పోయింది." ఇంక దాచి ఏం లాభం. అక్క పంతం దగ్గర నుంచి సామువేలు కర్ర దాకా అంతా చెప్పేశాను. ఆమె వింటూ లేసు గుడ్డ మడత పెట్టింది. అడ్డొచ్చి రెండు తిట్టినా బాగుండేది.

"పైన పటారం, లోన లొటారం అంటారు" అంది చివరికి. "కేకు వచ్చిన రోజు నుంచి ఒకటే ఆలోచిస్తున్నాను, ఇది పొగరా, తెలివితక్కువతనమా అని. పొగరైతే ఏం చెయ్యాలో నాకు తెలుసు. తెలివితక్కువతనానికి ఏం చెయ్యాలో తెలీదు."

"తెలివితక్కువతనమే" అన్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి జన్మలో అంత తొందరపడింది లేదు.

"మోసేదేమో దొంగది, దాని నెత్తినెక్కి కూర్చునేవి అసలువి. అపియాలో మీ యవ్వారాలన్నీ ఇంతేనా?"

"అలా అడుగున పెట్టకపోతే కూలిపోతుంది వదినా."

"కూలిపోతే ఆరే పెట్టుకోవాలి. ఆరు అంతస్తులకి మేం పిల్లని వద్దంటామా?"

ఆ మాటే నేను అక్కతో అనాల్సింది. అనకుండా గొడవెందుకని తలూపాను, ఆ తలూపడం ఇంత దూరం వచ్చింది.

"నీ కోసం నోరు మూసుకున్నాననుకోకు" అంది ఫియాసిలి. "ఆ పిల్ల వచ్చిన దగ్గర్నుంచి ఈ బీరువా పక్కనే చాప వేసుకుంటోంది, మొగుణ్ణి ఆ మూల వదిలేసి. ఎందుకమ్మా అంటే ఇక్కడ గాలి బాగా వస్తుందంది. గోడల్లేని ఇంట్లో ఒక మూల గాలి వస్తుంది, ఇంకో మూల రాదా? ఎవరు కత్తి పట్టుకుని ఇటు నడిచినా లేచి నిలబడుతోంది. చేపలు కోసే కత్తికి కూడా. ముగ్గాలంటుంది, అమావాస్యంటుంది. ఆ చెవులు చూస్తే నాకు నవ్వు ఆగదు. అబద్ధం చెప్పడం బొత్తిగా చేతకాదు దానికి."

"చేతకాదు" అన్నాను.

"మీ అక్కచెల్లెళ్ళ బుద్ధితక్కువ పనిని తన ఒంటి మీద కప్పుకుని పడుకుంటోంది. అలాంటి పిల్ల నా ఇంట్లో ఉండాలి. అందుకు ఊరుకున్నాను. కానీ మా ఆయనకి తెలిస్తే నా మాట సాగదు. మతాయి ఇంటికి రాయి పంపిన వాళ్ళ పిల్లని ఆయన ఉంచడు, ఉంచినా ఊరు ఉంచనివ్వదు." అని లేచింది. "ఆ పెట్టెలోది అసలుదేనా? తట్టి చూడనా?"

తట్టనిచ్చాను. మెత్తగా, పలక్కుండా ఉంది. ఫియాసిలి మొదటిసారి నవ్వింది.

ఇద్దరం కలిసి డమ్మీని దించాం. లోపల రాయి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దొర్లి మా ఇద్దరి గుండెలూ ఆపింది. అసలు కేకుని బీరువా మీదకి ఎక్కించి, పువ్వులు రోడ్డు వైపు తిప్పి, లేసు గుడ్డ పక్కన పెట్టాం, ఐసింగ్‌కి అంటుకోకుండా. డమ్మీని అట్టపెట్టెలో దించి మూత వేశాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాల్లో కోసేద్దామంది ఆమె. పెనీనాకి సైగ చేశాను. అది వంటపాక గుమ్మంలో నిలబడి బీరువా కేసి చూసి, నా కేసి చూసి, రెండు చేతులతోనూ మొహం కప్పుకుంది. పెళ్ళిరోజు నుంచీ ఎవరో నా పీక మీద వేసి ఉంచిన కాలు తీసినట్టయింది. ఆ హాయి ఎంతసేపు ఉందో చెప్తే మీరు నవ్వుతారు.

సాయంత్రపు గంట కొట్టారు. ఆ ఊళ్ళో గంటంటే చెట్టుకి వేలాడదీసిన ఖాళీ గ్యాసు సిలిండరు. అది మోగితే ఎక్కడివాళ్ళు అక్కడ ఇంట్లోకి చేరి ప్రార్థనకి కూర్చోవాల్సిందే, రోడ్డు మీద మనిషి కనిపించకూడదు. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని, వెన్ను నొప్పంటూ అట్టపెట్టెకే జారబడింది. పెనీనా మాకు ఎదురుగా, భర్త పక్కన కూర్చుంది. అప్పుడు మనూయెలే గారు వచ్చారు. ఒక్కరే రాలేదు. వెంట పాస్టరు గారు, ఇద్దరు సంఘ పెద్దలు ఉన్నారు.

నేను ఫియాసిలి వైపు చూశాను. నాకేమీ తెలీదన్నట్టు కళ్ళతోనే చెప్పింది.

పాట పాడాం. అందరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం. మనూయెలే గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన గొంతు గుహలోంచి వచ్చినట్టుంటుంది.

"ప్రభువా, ఈ పెళ్ళికి నేను అడ్డం చెప్పాను. నీకు తెలుసు. ఒప్పుకున్నాక కూడా నా మనసులో పీచు మిగిలింది, అదీ నీకు తెలుసు. ఆ పిల్ల మా ఇంటికి తగదనే అనుకున్నాను."

పక్కన అక్క పెట్టెకి ఆనుకునే కదిలింది. పెట్టెలో రాయి కొంచెం దొర్లింది. ఆయన ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకున్నారు.

"నువ్వు నాకు గుర్తు చూపించావు. మా చక్కెరకి పట్టిన చీమ ఆమెతో వచ్చిన కేకుకి పట్టలేదు. ముసలి మూర్ఖుడికి చీమల చేత బుద్ధి చెప్పించావు. ఆమె నా కోడలు. ఎవరేమన్నా నా కోడలు. ఈ కేకు మేం కొయ్యం. కొత్త చర్చి తెరిచే రోజున నీ సన్నిధిలో పెడతాం, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉంటుంది. పాస్టరు గారు మనుషుల మాట నమ్మనన్నారు. అందుకని వెంట తీసుకొచ్చాను. ఇప్పుడు ఆమెన్ అన్నాక ఆయన తన కళ్ళతోనే చూస్తారు."

నేను కళ్ళు తెరిచాను. ప్రార్థనలో కళ్ళు తెరిచినందుకు చిన్నప్పుడు మా అమ్మ చేతిలో తిన్న దెబ్బలు ఇంకా గుర్తున్నాయి, అయినా తెరిచాను.

చీమల బారు చక్కెర డబ్బా దగ్గర ఆగలేదు. డబ్బా దాటి, అద్దం అంచు పట్టుకుని, తిన్నగా పైకి పోతోంది. ఇన్నాళ్ళూ ఒక్కటీ ఎక్కని ఆ బీరువా నెత్తి మీద అప్పటికే నల్లటి గీత ఒకటి సాగింది. గవ్వల అంచు మీద మొదటి చీమలు తిరుగుతున్నాయి. ఒక దేవగన్నేరు పువ్వు నడుమ చుక్కలా ఏదో కదిలింది. అది నా చేతిపనికి దొరికిన మెప్పు అనుకోవాలి. అసలైన చక్కెర, అసలైన కేకు, ఆ ఇంట్లో మొదటిసారి నిజం చెప్తున్న వస్తువు అదొక్కటే, అదే మా కొంప ముంచబోతోంది.

ఫియాసిలి కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఆమె నా వెనక ఉన్న అట్టపెట్టె కేసి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అది ఎత్తాలంటే ముందు మా అక్కని ఎత్తాలి.

మనూయెలే గారు ప్రార్థన ముగించడానికి ఊపిరి తీసుకున్నారు.

"ప్రభువా, నాదొక మాట ఉంది."

పెనీనా గొంతు అది. మతాయి ప్రార్థన చేస్తుండగా, పాస్టరు గారి ఎదుట, పెళ్ళై వారం తిరగని కోడలు నోరు తెరిచింది. వంచిన తలలన్నీ ఉలిక్కిపడ్డాయి గానీ, ప్రార్థన ముగియలేదు కాబట్టి ఒక్కరూ కళ్ళు తెరవలేదు. మనూయెలే గారు తీసుకున్న ఊపిరి అలాగే నిలిచిపోయింది.

ఇంకో అబద్ధం ఆడుతుందనుకున్నాను. ఈసారి ఏకంగా దేవుడితోనే. ఆపాలనుకున్నాను, ఎలాగో తెలీలేదు. అది కళ్ళు మూసుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉంది.

నేను దాని చెవుల కేసి చూశాను. ఎర్రబడలేదు.